రిఫరెన్స్ పారామీటర్లకు కంపైలర్ సరైన కోడ్ ఇస్తోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కంపైలర్ రాసేవాళ్లు, దానికి టెస్టులు రాసేవాళ్లు, సొంత భాషకు కోడ్ జనరేటర్ కట్టుకుంటున్న విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్నలు ఇవి. రిఫరెన్స్ పారామీటర్ అంటే విలువ కాపీ కాకుండా, కాల్ చేసినవాళ్ల వేరియబుల్‌కే ఇంకో పేరుగా పనిచేసే పారామీటర్. ఉదాహరణలు ఎక్కువగా సీ ప్లస్ ప్లస్ పద్ధతిలో ఉన్నా, పాస్కల్ వార్ పారామీటర్‌కూ సీ షార్ప్ రెఫ్‌కూ చాలావరకు ఇవే వర్తిస్తాయి. భాషను బట్టి మాట మారే చోట విడిగా చెప్పాను.

రిఫరెన్స్ పారామీటర్ చివరికి మెషిన్ కోడ్‌లో ఏమవుతుంది?

అడ్రస్ అవుతుంది. లినక్స్ మీద 64 బిట్ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో మొదటి ఆర్గ్యుమెంట్ రిఫరెన్స్ అయితే, ఆ వేరియబుల్ అడ్రస్ ఆర్‌డీఐ రిజిస్టర్‌లో వెళ్తుంది. విండోస్‌లో ఆర్‌సీఎక్స్‌లో, 64 బిట్ ఆర్మ్‌లో ఎక్స్0లో వెళ్తుంది. ఒక ఇంట్ రిఫరెన్స్ తీసుకుని దానికి 1 కలిపే ఫంక్షన్‌ను ఓ2 (ఆప్టిమైజేషన్ బాగా చేసే) స్థాయిలో కంపైల్ చేస్తే, సాధారణంగా లోపల మిగిలేది ఆర్‌డీఐ చూపించే మెమరీకి 1 కలపడం, తిరిగి వెళ్లడం, అంతే. ఓ0లో (ఆప్టిమైజేషన్ లేని స్థాయిలో) అయితే వచ్చిన అడ్రస్‌ను ముందు స్టాక్‌లో దాచి, మళ్లీ చదివి, అప్పుడు దాని ద్వారా విలువను ముట్టుకుంటుంది. రెండూ సరైన కోడే.

మరి పాయింటర్లకు టెస్టులు ఉంటే చాలదా? రిఫరెన్స్‌లకు వేరే ఎందుకు?

చాలదు. అడ్రస్ పంపడం వరకు రెండూ ఒకటే కానీ, రిఫరెన్స్ గురించి కంపైలర్‌కు అదనంగా కొన్ని నమ్మకాలు ఉంటాయి. రిఫరెన్స్ నల్ కాదని నమ్ముతుంది. దాని వెనక ఆ టైపుకు సరిపడా మెమరీ ఉందని, అలైన్‌మెంట్ (అడ్రస్ ఆ టైపుకు తగ్గ గుణిజం కావడం) సరిగ్గా ఉందని నమ్ముతుంది. క్లాంగ్ అనే కంపైలర్ ఈ నమ్మకాలను ఎల్ఎల్‌వీఎమ్ ఐఆర్‌లో (తాను వాడే ఎల్ఎల్‌వీఎమ్ అనే కోడ్ జనరేటర్ వ్యవస్థ మధ్య రూపంలో) నాన్‌నల్, డీరిఫరెన్సబుల్, అలైన్ అనే గుర్తులుగా రాస్తుంది. నాలుగు బైట్ల ఇంట్ రిఫరెన్స్‌కు డీరిఫరెన్సబుల్ 4 అని పడుతుంది. మామూలు పాయింటర్ పారామీటర్‌కు ఈ గుర్తులు రావు.

ఆ గుర్తు పడిన తర్వాత ఆప్టిమైజర్‌కు ధైర్యం వస్తుంది. లూప్ ఒక్కసారి కూడా తిరగకపోవచ్చని తెలిసినా, లోపలి లోడ్‌ను లూప్ బయటికి తెచ్చేస్తుంది. ఎలాగూ అక్కడ మెమరీ ఉంది కదా, చదివితే పోయేదేమీ లేదు. గుర్తు సరైనదైతే ఇది మంచి పనే. కానీ ఫ్రంట్ ఎండ్ (సోర్స్ చదివి ఐఆర్ రాసే భాగం) పొరపాటున నాలుగు బైట్ల వస్తువుకు డీరిఫరెన్సబుల్ 8 అని రాస్తే, పక్కనున్న మెమరీని కూడా చదివే కోడ్ రావచ్చు. అది పేజీ చివర్లో ఉన్నప్పుడు మాత్రమే క్రాష్ అవుతుంది. అందుకే ఈ గుర్తులకు విడిగా టెస్టులు కావాలి: చార్, ఇంట్, డబుల్, ఖాళీ స్ట్రక్ట్, ఇంకా పూర్తిగా నిర్వచించని క్లాస్. ఈ చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు. పరిమాణం తెలియని టైపుకు కంపైలర్ బైట్ల లెక్క రాసిందంటే అది ఎక్కడినుంచో ఊహించిన లెక్కే.

అన్నిటికంటే ముందు రాయాల్సిన టెస్ట్ ఏది?

ఒకే వేరియబుల్‌ను రెండు రిఫరెన్స్ పారామీటర్లకు ఇచ్చే టెస్ట్. ఫంక్షన్‌లో రెండు పారామీటర్లు, ఎ, బి. లోపల రెండే వాక్యాలు: ఎ = ఎ + 10; తర్వాత బి = బి * 2. ఎక్స్ విలువ 5 పెట్టి, రెండు చోట్లా ఎక్స్‌నే ఇచ్చి కాల్ చేయండి.

నిజమైన రిఫరెన్స్ అయితే 5 కాస్తా 15 అయి, ఆ 15 రెట్టింపై 30 వస్తుంది. కంపైలర్ లోపలికి కాపీ చేసుకుని చివర్లో వెనక్కి కాపీ చేస్తుంటే, ఎ దగ్గర 15, బి దగ్గర 10 ఉంటాయి. ఏది ఆఖరున రాస్తే అదే ఎక్స్‌లో మిగులుతుంది. అసలు విలువే పంపేసి ఊరుకుంటే 5 అలాగే ఉండిపోతుంది. అంటే ప్రింటైన ఒక్క అంకెను చూసి కోడ్ జనరేటర్ ఏ దారి పట్టిందో చెప్పేయవచ్చు. ఇంత చిన్న టెస్ట్ ఇంత సమాచారం ఇవ్వడం అరుదు.

వేర్వేరు వేరియబుల్స్ ఇచ్చి రాసిన టెస్టులు ఎన్ని ఉన్నా, రిఫరెన్స్‌కూ కాపీ చేసి తిరిగి రాయడానికీ తేడా చాలావరకు బయటపెట్టలేవు. ఒకే చోటుకు రెండు పేర్లు ఉన్నప్పుడే తేడా కనిపిస్తుంది. మిగతా ప్రశ్నలన్నిటికీ మూలం ఇదే కాబట్టి ఈ పద్ధతిని అన్ని రూపాల్లో రాసుకోండి: రెండు రిఫరెన్స్‌లూ ఒకటే అయినప్పుడు, ఒక రిఫరెన్స్, ఒక గ్లోబల్ ఒకటే అయినప్పుడు, ఒక రిఫరెన్స్ మొత్తం స్ట్రక్ట్‌కు, ఇంకోటి దాని లోపలి ఫీల్డ్‌కు అయినప్పుడు, ఒకటి అర్రేకు, ఇంకోటి అందులోని ఒక ఎలిమెంట్‌కు అయినప్పుడు. సీ ప్లస్ ప్లస్ వెక్టర్‌లో దాని సొంత మొదటి ఎలిమెంట్‌నే పుష్ బ్యాక్‌కు ఇవ్వడం కూడా ఈ కోవలోదే. లోపల మెమరీ మారినా అది పనిచేసి తీరాలని ప్రమాణం కోరుతుంది.

కాల్‌లో టేబుల్[ఐ] ఇచ్చి, అదే కాల్‌లో ఐ కూడా ఇస్తే ఏం జరగాలి?

అడ్రస్‌ను ఎప్పుడు లెక్కగట్టారన్నది ఇక్కడ తేలుతుంది. రెండు పారామీటర్ల విలువలను తారుమారు చేసే స్వాప్ ఫంక్షన్ తీసుకోండి. ఐ విలువ 2, టేబుల్[2]లో 3 ఉంది. స్వాప్‌కు ఐ, టేబుల్[ఐ] ఇచ్చారు. రిఫరెన్స్ పద్ధతిలో కాల్‌కు ముందే టేబుల్[2] అడ్రస్ ఖాయమైపోతుంది. కాబట్టి ఐ 3 అవుతుంది, టేబుల్[2] 2 అవుతుంది.

ఆల్గాల్ 60లో ఉన్న పేరుతో పంపే పద్ధతిలో అయితే పారామీటర్‌ను వాడిన ప్రతిసారీ ఆ వ్యక్తీకరణను మళ్లీ లెక్కగడతారు. ఐ అప్పటికే 3 అయిపోయింది కాబట్టి 2 వెళ్లి టేబుల్[3]లో పడుతుంది, టేబుల్[2] అలాగే ఉంటుంది. ఈ రోజుల్లో అలా ఎవరు చేస్తారని అనుకోకండి. కాపీ చేసి తిరిగి రాసే కోడ్ జనరేటర్, తిరిగి రాసేటప్పుడు అడ్రస్‌ను కొత్తగా లెక్కగడితే సరిగ్గా ఇదే తప్పు చేస్తుంది. సొంతంగా కట్టిన కోడ్ జనరేటర్లలో ఇది సులువుగా దూరే బగ్. కాబట్టి టెస్ట్‌లో టేబుల్ మొత్తం ప్రింట్ చేయండి. టేబుల్[2] ఒక్కటే చూస్తే విలువ మారలేదని తెలుస్తుంది కానీ ఎక్కడికి పోయిందో తెలియదు.

కాన్స్ట్ రిఫరెన్స్ అయితే విలువ మారదు కదా, టెస్ట్ దేనికి?

కాన్స్ట్ అంటే ఆ పేరుతో మార్చకూడదు అనే. వేరే పేరుతో మారవచ్చు. ఎ మామూలు రిఫరెన్స్, బి కాన్స్ట్ రిఫరెన్స్ అనుకుందాం. లోపల ఎ = బి + 1 చేసి, బి విలువను తిరిగి ఇవ్వండి. ఎక్స్‌లో 7 ఉంచి రెండింటికీ ఎక్స్‌నే ఇస్తే 8 రావాలి. 7 వచ్చిందంటే, కంపైలర్ బి పాత విలువను రిజిస్టర్‌లో ఉంచుకుని, కాన్స్ట్ కదా అని మళ్లీ చదవలేదన్నమాట. సీ ప్లస్ ప్లస్‌లో అది తప్పు.

రెండో వైపు కూడా ఉంది. వేరే ఫైల్‌లో ఉన్న ఫంక్షన్‌కు ఎక్స్‌ను కాన్స్ట్ రిఫరెన్స్‌గా ఇచ్చాక, కాల్ చేసిన ఫంక్షన్ ఎక్స్‌ను మెమరీ నుంచి మళ్లీ చదవాలి. ఎక్స్ స్వయంగా కాన్స్ట్‌గా ప్రకటించింది కాకపోతే, అవతలి ఫంక్షన్ కాన్స్ట్ కాస్ట్ చేసి (కాన్స్ట్ అడ్డు తీసేసి) దాన్ని మార్చడం చట్టబద్ధమే. అలా రాయడం మంచి అలవాటని నేను అనను. కానీ కంపైలర్ మంచి అలవాట్లను నమ్ముకుని కోడ్ ఇవ్వకూడదు, భాష నియమాలను నమ్ముకుని ఇవ్వాలి.

ఏ ఆప్టిమైజేషన్ దశల దగ్గర ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

లోకల్ వేరియబుల్ అడ్రస్ బయటికి వెళ్లిందా లేదా అని తేల్చే దశ మొదటిది. అడ్రస్ బయటికి వెళ్లకపోతే వేరియబుల్‌ను హాయిగా రిజిస్టర్‌లో పెట్టుకోవచ్చు. వెళ్తే, ఆ తర్వాత జరిగే ప్రతి తెలియని కాల్ దాన్ని మార్చవచ్చు. ఇక్కడ ఒక్క కాల్‌తో టెస్ట్ ఆపకండి. ఎఫ్ అనే ఫంక్షన్ ఎక్స్ అడ్రస్‌ను ఒక గ్లోబల్‌లో దాచుకుంటుంది. ఆ తర్వాత ఏ ఆర్గ్యుమెంటూ తీసుకోని జి అనే ఫంక్షన్ ఆ గ్లోబల్ ద్వారా ఎక్స్‌ను మారుస్తుంది. జి కాల్ తర్వాత కూడా ఎక్స్‌ను మళ్లీ చదవాల్సిందే. ఇప్పుడు ఈ రెండు కాల్స్‌ను లూప్‌లో పెట్టి, జిని ముందు, ఎఫ్‌ను తర్వాత రాయండి. వరుసలో చూస్తే జి దగ్గరికి అడ్రస్ ఇంకా బయటికి వెళ్లలేదు. కానీ రెండో చుట్టులో వెళ్లిపోయి ఉంటుంది. లూప్ వెనక్కి తిరిగే దారిని సరిగ్గా లెక్కలోకి తీసుకోని విశ్లేషణ ఇక్కడ దొరికిపోతుంది.

అనవసరమైన స్టోర్లను తీసేసే దశ రెండోది. రిఫరెన్స్‌లో 1 రాసి, జిని కాల్ చేసి, తర్వాత 2 రాస్తే, మొదటి స్టోర్ పనికిరానిదిలా కనిపిస్తుంది. ఆ రిఫరెన్స్ ఒక గ్లోబల్‌ను చూపిస్తూ, జి ఆ గ్లోబల్‌ను చదువుతుంటే మాత్రం 1 కనపడాలి.

మూడోది, రిఫరెన్స్‌ను విలువగా మార్చేసే దశ. ఎల్ఎల్‌వీఎమ్‌లో ఆర్గ్యుమెంట్ ప్రమోషన్, జీసీసీ కంపైలర్‌లో ఐపీఏ ఎస్ఆర్ఏ ఈ పని చేస్తాయి. ఒకే ఫైల్‌కు పరిమితమైన ఫంక్షన్ రిఫరెన్స్‌ను చదవడానికే వాడుతుంటే, అడ్రస్ బదులు విలువే పంపేస్తాయి. చదవడానికి ముందు ఆ మెమరీ మారే అవకాశం ఉంటే అలా చేయకూడదు. కాబట్టి టెస్ట్‌లో ఫంక్షన్ మొదటి వరుసలో గ్లోబల్‌ను మార్చి, రెండో వరుసలో రిఫరెన్స్ ద్వారా అదే గ్లోబల్‌ను చదవండి. ఫంక్షన్‌ను స్టాటిక్ చేయడం మర్చిపోవద్దు. లేకపోతే ఈ దశ అసలు ఆ ఫంక్షన్‌ను మార్చదు, టెస్ట్ ఊరికే పాస్ అవుతుంది.

రాయకూడని సమయంలో కంపైలర్ స్టోర్ చేస్తోందేమో ఎలా తెలుసుకోవాలి?

నాకు బాగా ఇష్టమైన టెస్ట్ ఇది. ఫంక్షన్‌లో ఒక ఇంట్ రిఫరెన్స్, ఒక షరతు. షరతు నిజమైతేనే రిఫరెన్స్‌లో 0 రాస్తుంది. ఇప్పుడు ఒక గ్లోబల్‌ను కాన్స్ట్‌గా ప్రకటించండి. అది రీడ్ ఓన్లీ మెమరీలోకి వెళ్తుంది. కాన్స్ట్ కాస్ట్ చేసి దాన్నే రిఫరెన్స్‌గా ఇచ్చి, షరతుకు అబద్ధం ఇవ్వండి. ప్రోగ్రామ్ ఆ వస్తువును ఎక్కడా మార్చలేదు కాబట్టి సీ ప్లస్ ప్లస్ నియమాల ప్రకారం అంతా సక్రమమే. కానీ కంపైలర్ బ్రాంచ్ తప్పించుకోవడానికి పాత విలువను చదివి, అవసరమైతే మార్చి, ఏదైనా సరే తిరిగి రాసే కోడ్ ఇస్తే వెంటనే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తుంది.

ఇలాంటి స్టోర్ సింగిల్ థ్రెడ్‌లో విలువను మార్చదు కాబట్టి మామూలు టెస్టులకు దొరకదు. థ్రెడ్లు ఉంటే మాత్రం ప్రమాదం: ఇంకో థ్రెడ్ మధ్యలో రాసిన విలువను పాత విలువ కప్పేస్తుంది. సీ ప్లస్ ప్లస్ 11తో వచ్చిన మెమరీ మోడల్ ప్రోగ్రామ్‌లో లేని ఇలాంటి స్టోర్లను కల్పించడానికి వీల్లేదంటుంది. థ్రెడ్ల మధ్య పోటీని టెస్ట్‌లో పదేపదే సృష్టించడం కష్టం. రీడ్ ఓన్లీ మెమరీ పద్ధతి ప్రతిసారీ ఒకేలా పట్టుకుంటుంది. ఇదే టెస్ట్‌ను లూప్‌తో కూడా రాయండి, ఎందుకంటే లూప్ లోపలి స్టోర్‌ను చివరికి జరిపే దశ కూడా ఇదే తప్పు చేయగలదు.

టెయిల్ కాల్‌కు, రిఫరెన్స్‌కు సంబంధం ఏమిటి?

ఫంక్షన్ ఆఖరి పని ఇంకో కాల్ అయితే, కంపైలర్ తన స్టాక్ ఫ్రేమ్‌ను ముందే వదిలేసి అటు జంప్ చేయవచ్చు. ఆ కాల్‌కు తన లోకల్ వేరియబుల్‌నే రిఫరెన్స్‌గా ఇస్తుంటే అలా చేయకూడదు. ఫ్రేమ్ పోతే వేరియబుల్ కూడా పోతుంది. లోకల్‌ను నేరుగా ఇచ్చే కేసు ఒకటి రాయండి. ముందే ఎక్కడో దాచిన అడ్రస్ ద్వారా అవతలి ఫంక్షన్ చదివే కేసు ఇంకొకటి రాయండి. రెండోది పట్టుకోవడం కష్టం. అవతలి ఫంక్షన్‌లో పెద్ద లోకల్ అర్రే పెట్టి నింపితే పాత ఫ్రేమ్ చెరిగిపోయి తప్పు బయటపడుతుంది.

ఎక్సెప్షన్ వస్తే రిఫరెన్స్‌లో రాసిన విలువ సంగతేంటి?

త్రో కంటే ముందు రాసింది క్యాచ్ దగ్గర కనపడాలి. కాపీ చేసి తిరిగి రాసే పద్ధతిలో అది కనపడదు, ఎందుకంటే తిరిగి రాసే చోటికి ఫంక్షన్ చేరుకోనే లేదు.

టైపులు వేరైనప్పుడు కనిపించని టెంపరరీల వల్ల టెస్టులు గజిబిజి అవుతున్నాయి. ఏం చేయాలి?

ఫంక్షన్ కాన్స్ట్ డబుల్ రిఫరెన్స్ అడుగుతోంది, మీరు ఇంట్ ఇచ్చారు. కంపైలర్ ఒక డబుల్ టెంపరరీ (పేరు లేని తాత్కాలిక వస్తువు) తయారుచేసి దాని అడ్రస్ పంపుతుంది. ఇక మీ ఇంట్‌తో ఆ రిఫరెన్స్‌కు సంబంధం తెగిపోయింది. తర్వాత ఇంట్ మారినా ఫంక్షన్‌కు తెలియదు. బిట్ ఫీల్డ్‌ను కాన్స్ట్ రిఫరెన్స్‌కు ఇచ్చినా ఇంతే. బిట్ ఫీల్డ్‌కు సొంత అడ్రస్ ఉండదు కాబట్టి టెంపరరీ తప్పదు. కాన్స్ట్ లేని రిఫరెన్స్‌కు బిట్ ఫీల్డ్ ఇస్తే కంపైలర్ ఎర్రర్ ఇవ్వాలి. ఎర్రర్ రావాల్సిన చోట వచ్చిందా అన్నది కూడా టెస్టే.

టెంపరరీ ఎంతకాలం బతకాలో కూడా చూడండి. కాల్ ఉన్న పూర్తి వ్యక్తీకరణ ముగిసేదాకా అది ఉండాలి. డిస్ట్రక్టర్‌లో ఒక మాట ప్రింట్ చేసే క్లాస్ ఒకటి రాసుకుంటే, ముందే పోయిందా, ఆలస్యంగా పోయిందా, రెండుసార్లు పోయిందా అన్నీ అవుట్‌పుట్‌లోనే కనిపిస్తాయి.

విలువగా పంపమన్నా కంపైలర్ లోపల అడ్రస్ పంపుతోంది. ఇది బగ్ కాదా?

బగ్ కాకపోవచ్చు, ప్లాట్‌ఫామ్ నియమం చూడండి. 64 బిట్ విండోస్‌లో 1, 2, 4, 8 బైట్ల స్ట్రక్ట్‌లు తప్ప మిగతావన్నీ కాల్ చేసే ఫంక్షన్ ఒక కాపీ చేసి, ఆ కాపీ అడ్రస్ పంపాలి. 64 బిట్ ఆర్మ్‌లో 16 బైట్లు దాటిన మామూలు స్ట్రక్ట్‌లకు ఇంతే. లినక్స్ మీద ఇంటెల్, ఏఎండీలో మాత్రం అవి స్టాక్ మీదే కూర్చుంటాయి. ఐటేనియం సీ ప్లస్ ప్లస్ ఏబీఐలో (ఆర్గ్యుమెంట్లు ఎలా పంపుకోవాలో చెప్పే నియమావళిలో), సొంత కాపీ కన్‌స్ట్రక్టర్ గానీ డిస్ట్రక్టర్ గానీ ఉన్న వస్తువు ఎంత చిన్నదైనా అడ్రస్‌గానే వెళ్తుంది. యూనిక్ పాయింటర్ మామూలు పాయింటర్ అంత తేలిగ్గా రిజిస్టర్‌లో వెళ్లకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ టెస్ట్ చేయాల్సింది కాపీ నిజంగా జరిగిందా అని. ఫంక్షన్ తన పారామీటర్‌ను మార్చినప్పుడు కాల్ చేసినవాళ్ల అసలు వస్తువు మారకూడదు. 8, 12, 16, 17, 24 బైట్ల స్ట్రక్ట్‌లతో రాయండి. తప్పులు ఎక్కువగా హద్దుల దగ్గరే ఉంటాయి. ఒక ఫైల్‌ను మీ కంపైలర్‌తో, ఇంకో ఫైల్‌ను ఆ ప్లాట్‌ఫామ్‌లో స్థిరపడిన కంపైలర్‌తో కంపైల్ చేసి కలిపి లింక్ చేయండి. ఆ తర్వాత వాటిని తారుమారు చేయండి. రెండు వైపులా ఒకే కంపైలర్ ఉంటే, ఒకే తప్పును రెండు వైపులా చేసి చక్కగా పాస్ అయిపోతుంది.

అసెంబ్లీ చూసి టెస్ట్ చేయాలా, రన్ చేసి ఫలితం చూడాలా?

రెండూ కావాలి, కానీ పనులు వేరు. విలువ సరైనదా అన్నది రన్ చేసే తేల్చాలి. ఫలానా ఆప్టిమైజేషన్ జరిగిందా, అడ్రస్ సరైన రిజిస్టర్‌లో వెళ్లిందా, డీరిఫరెన్సబుల్ గుర్తు పడిందా అన్నవి వచ్చిన కోడ్‌ను చూస్తేనే తెలుస్తాయి. ఎల్ఎల్‌వీఎమ్‌లో దీనికి ఫైల్‌చెక్ ఉంది. టెస్ట్ ఫైల్‌లోనే కామెంట్‌గా ఏ వరుస రావాలో రాస్తాం. జీసీసీ టెస్టుల్లో అసెంబ్లీని వెతికే స్కాన్ అసెంబ్లర్ ఆదేశాలు ఉన్నాయి.

అసెంబ్లీ టెస్టుల్లో అవసరమైన దానికంటే ఎక్కువ అడగకండి. తాత్కాలిక విలువకు ఫలానా రిజిస్టరే కావాలని రాస్తే, రిజిస్టర్ కేటాయింపు కొంచెం మారగానే వందల టెస్టులు ఎర్రబడతాయి. అప్పుడు జనం చదవకుండానే వాటిని కొత్త అవుట్‌పుట్‌తో నింపేస్తారు. నిజమైన తప్పులు అలాంటప్పుడే లోపలికి జారిపోతాయి.

ఫంక్షన్ ఇన్‌లైన్ అయిపోతే ఇక టెస్ట్ ఏం చూస్తున్నట్టు?

ఇన్‌లైన్ అంటే ఫంక్షన్ లోపలి కోడ్‌ను కాల్ ఉన్న చోటే పెట్టేయడం. అప్పుడు టెస్ట్ వేరే విషయం చూస్తున్నట్టు. అందుకే ప్రతి టెస్ట్‌నూ కనీసం మూడు రూపాల్లో నడపండి. ఫంక్షన్ వేరే ఫైల్‌లో ఉన్నప్పుడు అడ్రస్ పంపే పద్ధతి టెస్ట్ అవుతుంది. అదే ఫైల్‌లో నోఇన్‌లైన్ గుర్తుతో ఉంటే రిఫరెన్స్‌ను విలువగా మార్చే దశలు టెస్ట్ అవుతాయి. ఇన్‌లైన్‌కు వదిలేస్తే, పారామీటర్ పేరు తీసి అసలు వేరియబుల్ పేరు పెట్టే పని టెస్ట్ అవుతుంది. లింక్ సమయంలో ఆప్టిమైజ్ చేసే ఎల్‌టీఓ ఆన్ చేస్తే వేరే ఫైల్ అనే గోడ కూడా పోతుందని గుర్తుంచుకోండి.

ఇన్‌పుట్ విలువలను కోడ్‌లో నేరుగా రాస్తే కంపైలర్ మొత్తం లెక్క తనే చేసేసి ఆఖరి అంకెను ప్రింట్ చేసే కోడ్ ఇస్తుంది. కంపైలర్ విలువను ముందే ఊహించడానికి వీల్లేని వాలటైల్ వేరియబుల్ నుంచి గానీ కమాండ్ లైన్ నుంచి గానీ తీసుకోండి.

వేరే భాషల్లో ఇవే టెస్టులు పనికొస్తాయా?

టెస్టులు వస్తాయి, ఆశించే జవాబులు మారతాయి. భాష నియమం చదవకుండా సీ ప్లస్ ప్లస్ జవాబును అక్కడ అతికిస్తే పనిచేయదు.

ఫోర్ట్రాన్‌లో ఎక్స్‌ను రెండుసార్లు ఇచ్చి లోపల మార్చడం నియమ విరుద్ధం. అలా జరగదని కంపైలర్ నమ్మి ఆప్టిమైజ్ చేస్తుంది. కాబట్టి 30 రాలేదని ఫిర్యాదు చేయడానికి లేదు. అక్కడ చూడాల్సినవి వేరు: వరుసగా లేని అర్రే భాగాన్ని పంపినప్పుడు కంపైలర్ దాన్ని ఒకచోటికి కాపీ చేసి, తిరిగి వచ్చాక వెనక్కి పరుస్తుంది, అది సరిగ్గా జరిగిందా? క్యారెక్టర్ ఆర్గ్యుమెంట్లకు జీఫోర్ట్రాన్ పొడవును కనిపించని అదనపు ఆర్గ్యుమెంట్‌గా చివర్లో పంపుతుంది. జీసీసీ 8 నుంచి దాని టైపు సైజ్ టి అయింది. సీ నుంచి కాల్ చేసే పాత కోడ్ దీని వల్ల దెబ్బతినవచ్చు.

అడాలో అంకెల లాంటి మూల టైపులు ఇన్ అవుట్ అయినా కాపీగానే వెళ్తాయి. ట్యాగ్డ్ టైపులు (వారసత్వానికి వీలున్న రికార్డులు) రిఫరెన్స్‌గా వెళ్తాయి. మామూలు రికార్డులు, అర్రేలలో చాలావాటికి ఏ దారైనా కంపైలర్ ఇష్టం. అందుకే టెస్ట్ ఒకటి కంటే ఎక్కువ జవాబులను ఒప్పుకోవాలి.

స్విఫ్ట్‌లో ఇన్అవుట్ అర్థం కాపీ చేసి తిరిగి రాయడమే. ఒకే వేరియబుల్‌ను రెండు ఇన్అవుట్‌లకు ఇస్తే కంపైలరే ఆపుతుంది. కంపైల్ సమయంలో తెలియని కేసులను రన్ సమయంలో పట్టుకునే తనిఖీ 2019లో వచ్చిన స్విఫ్ట్ 5 నుంచి రిలీజ్ బిల్డ్‌లలో కూడా ఉంటుంది. కాబట్టి ఇక్కడ సరైన ఫలితం క్రాష్ అవడమే.

రస్ట్‌లో మార్చగలిగే రిఫరెన్స్ ఉన్నంతసేపు ఇంకో పేరు ఉండకూడదు. ఆ హామీని ఎల్ఎల్‌వీఎమ్‌కు నోఏలియాస్ (ఈ మెమరీకి ఇంకో పేరు లేదు అనే) గుర్తుగా ఇస్తారు. ఎల్ఎల్‌వీఎమ్‌లోని బగ్గుల వల్ల దాన్ని ఆపేసి, మళ్లీ పెట్టి, మళ్లీ ఆపాల్సి వచ్చింది. 2021లో ఎల్ఎల్‌వీఎమ్ 12 వచ్చాకే మళ్లీ ఆన్ చేశారు. వాటిలో ఒక బగ్‌ను ఇలాంటి హామీనే ఇచ్చే సీ భాష రెస్ట్రిక్ట్‌తో కూడా చూపించగలిగారు. అంటే లోపం అంతకుముందూ ఉంది, సీలో రెస్ట్రిక్ట్ రాసేవాళ్లు తక్కువ కాబట్టి పెద్దగా బయటపడలేదు. ప్రతి ఫంక్షన్‌లోనూ ఆ గుర్తు పెట్టే భాష వచ్చేసరికి తేలింది.

సీ షార్ప్‌లో ఇన్ పారామీటర్ మీద రీడ్ఓన్లీ కాని స్ట్రక్ట్ మెథడ్‌ను కాల్ చేస్తే, అసలు వస్తువు మారకుండా కంపైలర్ ఒక రక్షణ కాపీ చేయాలి. చేసిందా అని చూడండి. గార్బేజ్ కలెక్టర్ ఉన్న చోట ఇంకో చిక్కు ఉంది. అర్రే మధ్యలోని ఎలిమెంట్‌కు రెఫ్ ఇచ్చి, ఆ ఫంక్షన్ నడుస్తుండగా కలెక్టర్ ఆ అర్రేను వేరే చోటికి జరిపితే రెఫ్ కూడా జరగాలి. ఫంక్షన్ మధ్యలో కలెక్షన్ జరిగేలా బలవంతం చేసి, ఆ తర్వాత రెఫ్ ద్వారా రాసి, అర్రేలో కనపడిందా అని చూడాలి.

టెస్టులను యంత్రంతోనే పుట్టించవచ్చా?

తప్పకుండా. మనిషికి తట్టని కలయికలు అలాగే దొరుకుతాయి. యూటా విశ్వవిద్యాలయంలో తయారైన సీస్మిత్ యాదృచ్ఛికంగా సీ ప్రోగ్రాములు రాస్తుంది. వాటిని పలు కంపైలర్లలో, పలు స్థాయిల్లో నడిపి ఫలితాలను పోల్చి, 2011 నాటికి 325కు పైగా కొత్త బగ్గులను ఆ బృందం రిపోర్ట్ చేసింది. రిఫరెన్స్‌ల కోసం మీరే చిన్న జనరేటర్ రాసుకోవచ్చు: కొన్ని వేరియబుల్స్, రెండు మూడు రిఫరెన్స్‌లు తీసుకునే ఫంక్షన్లు, లోపల యాదృచ్ఛికంగా కూడికలు, గుణింతాలు, ఇతర కాల్స్. ఏ వేరియబుల్ ఏ పారామీటర్‌కు వెళ్లాలో కూడా చీటీ తీసినట్టే నిర్ణయించండి, ఒకే వేరియబుల్ రెండుసార్లు వచ్చే అవకాశం ఎక్కువగా ఉంచండి. లెక్కలకు అన్‌సైన్డ్ టైపులే వాడండి. సైన్డ్ ఓవర్‌ఫ్లో జరిగితే ఫలితాల తేడాకు అర్థమే ఉండదు.

టెస్ట్ ఫెయిలైంది. తప్పు కంపైలర్‌దేనని ఎప్పుడు అనవచ్చు?

ప్రోగ్రామ్‌లో నిర్వచితం కాని ప్రవర్తన (ఫలితం ఏమిటో భాష నియమాలు చెప్పని పని) లేదని తేలాకే. నల్ పాయింటర్ నుంచి రిఫరెన్స్ చేయడం, చనిపోయిన లోకల్‌కు రిఫరెన్స్ తిరిగి ఇవ్వడం, ఇంట్ మెమరీని ఫ్లోట్ రిఫరెన్స్ ద్వారా చదవడం, ఇవన్నీ ప్రోగ్రామ్ తప్పులు. రిఫరెన్స్ అడ్రస్ నల్ అవునా అని అడిగే షరతును కంపైలర్ తీసేస్తే అది దాని హక్కు. ముందు అలాంటి ప్రవర్తనను పట్టే యూబీశాన్ శానిటైజర్‌తో, తర్వాత మెమరీ తప్పులను పట్టే ఏశాన్‌తో నడపండి. స్ట్రిక్ట్ ఏలియాసింగ్‌ను (వేర్వేరు టైపుల పేర్లు ఒకే మెమరీని చూపవనే నమ్మకాన్ని) ఆపే ఫ్లాగ్ ఇచ్చి చూడండి. దానితో తప్పు మాయమైతే ముందు మీ కోడ్‌ను అనుమానించండి.

ఆ తర్వాత సీరెడ్యూస్ లాంటి సాధనంతో ప్రోగ్రామ్‌ను కుదించండి. కుదించేటప్పుడు ప్రతి మెట్టులోనూ శానిటైజర్ తనిఖీ ఉండాలి. లేదంటే అది మొదలు పెట్టిన బగ్‌ను వదిలేసి, ఇనిషియలైజ్ చేయని వేరియబుల్ ఉన్న ఏదో చిన్న ముక్కను చేతిలో పెడుతుంది.

డీబగ్గర్‌ను కూడా టెస్ట్ చేయాలా?

చేయాలి. పారామీటర్ దగ్గర ఆగి ప్రింట్ చేస్తే అడ్రస్ ఒక్కటే కాకుండా దాని వెనక విలువ కూడా కనపడాలి. డీబగ్గర్ చదివే సమాచార రూపమైన డ్వార్ఫ్‌లో రిఫరెన్స్ టైపుకు పాయింటర్‌తో సంబంధం లేని సొంత ట్యాగ్ ఉంది. అది పడిందో లేదో కూడా చూడండి.

నా టెస్టులు నిజంగా తప్పులు పట్టగలవని ఎలా తెలుస్తుంది?

కంపైలర్‌ను కావాలనే పాడుచేసి చూడండి. ఒక కాపీలో, కాల్ తర్వాత వేరియబుల్‌ను మళ్లీ చదివే పనిని తీసేయండి. ఇంకో కాపీలో ప్రతి రిఫరెన్స్‌కూ నోఏలియాస్ గుర్తు పెట్టేయండి. మూడోదాంట్లో రిఫరెన్స్‌లను కాపీ చేసి తిరిగి రాసేలా మార్చండి. నాలుగోదాంట్లో పారామీటర్లను విలువగా మార్చే దశలో మెమరీ మారిందా అనే తనిఖీని ఎత్తేయండి. ప్రతి కాపీతోనూ మొత్తం టెస్టులు నడపండి. ఏ కాపీ అయినా అన్ని టెస్టులూ పాస్ అయితే, అక్కడ మీకు టెస్ట్ లేదని అర్థం. ఏ స్థాయిలో పట్టుబడిందో కూడా రాసుకోండి. ఓ0లో పట్టుబడనివి ఓ2లో, ఓ2లో ఇన్‌లైన్ వల్ల మాయమైనవి నోఇన్‌లైన్‌తో బయటపడటం మామూలే. ఏ టెస్ట్ ఏ రూపంలో నడపాలో ఆ పట్టిక చూసి నిర్ణయించుకోండి.